సూరత్ కట్టడాల కథ: రెండు ప్లేగులు, ఒక చట్టం, ఖాళీ టవర్లు

1994 సెప్టెంబరు మూడో వారంలో సూరత్ రైల్వే స్టేషన్‌లో కనిపించిన దృశ్యాన్ని ఆనాటి పత్రికలు చదివినవారు మరిచిపోయి ఉండరు. ప్లేగు అన్న ఒక్క మాట వినబడగానే లక్షల మంది మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచారు. వారిలో ఒడిశా కూలీలున్నారు, సౌరాష్ట్ర నుంచి వచ్చిన వజ్రాల పనివారున్నారు, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి మరమగ్గాల మీద బతకడానికి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలున్నాయి. దేశం మొత్తం మీద ఆ ప్లేగుకు 50 మందికి పైగా బలయ్యారు. సంఖ్యను చూస్తే పెద్ద విపత్తు అనిపించదు. అయితే ఆ వ్యాధి బయటపెట్టిన విషయం పెద్దది. జనాభా 15 లక్షలకు చేరిన పారిశ్రామిక నగరంలో మురుగు పోయే దారి లేదు, చెత్త ఎత్తే వ్యవస్థ లేదు, కట్టిన ఇంటికి అనుమతి ఉన్నదో లేదో చెప్పగల దస్త్రమూ సరిగా లేదు. డబ్బుకు మాత్రం కొదవ లేదు. నూలు, జరీ, వజ్రాలు, కృత్రిమ పట్టు ఆ ఊరికి డబ్బు తెచ్చాయి. ఆ డబ్బు ఇటుకగా, సిమెంటుగా మారే క్రమాన్ని చూసేవారు ఎవరూ లేకపోవడమే అసలు జబ్బు.

ఎనిమిది నెలల తరువాత, 1995 మే నెలలో, ఆ నగరపాలక సంస్థకు కమిషనరుగా వచ్చిన అధికారి తెలుగువాడు. పేరు సూర్యదేవర రామచంద్రరావు. ఐఏఎస్‌లో గుజరాత్ క్యాడరుకు చెందిన ఆయనను దేశమంతా ఎస్.ఆర్.రావుగానే ఎరుగును. ఆయన చేసిన పనిని పాఠ్యపుస్తకాలు శుభ్రత కథగా చెబుతాయి. అధికారులు ఏసీ గదులు వదిలి ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా వీధుల్లో ఉండాలన్న ఆదేశం, నగరాన్ని జోన్లుగా విడగొట్టి జోనల్ కమిషనర్లకు ఖర్చుచేసే అధికారం ఇవ్వడం, రాత్రిపూట వీధులు ఊడ్పించడం, 1996లో ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా పేర్కొనడం, 1998లో పద్మశ్రీ. ఇవన్నీ నిజమే. అయితే చీపురు కథ కింద మరుగునపడిన మరో కథ ఉంది. అది కట్టడాల కథ.

రావు తొలి నెలల్లోనే అక్రమ నిర్మాణాల మీదికి వెళ్లారు. అక్రమ నిర్మాణాల తొలగింపు అనగానే మన నగరాల్లో ముందుగా జేసీబీ వెళ్లేది నాలా పక్కన ఉన్న గుడిసెల దగ్గరికి. సూరత్‌లో అప్పుడు వరుస తలకిందులైంది. పలుకుబడి గల బిల్డర్లు, హోటళ్లు, వాణిజ్య సముదాయాలు మొదట కూలాయి. పెద్దవాడి ప్రహరీ పడ్డ తరువాత చిన్నవాడు తన అరుగును తానే తీసుకున్నాడు. పాత నగరంలో రోడ్లు వెడల్పయ్యాయి. మురికివాడలకు నీరు, మరుగుదొడ్లు, సిమెంటు బాటలు వచ్చాయి.

ఇది రాజకీయంగా ఎలా సాధ్యపడింది? ఆ రెండున్నరేళ్లలో గుజరాత్ నలుగురు ముఖ్యమంత్రులను చూసింది. కేశూభాయ్ పటేల్ దిగిపోయారు, సురేశ్ మెహతా వచ్చారు, మధ్యలో కొన్నాళ్లు రాష్ట్రపతి పాలన, తరువాత శంకర్‌సింగ్ వాఘేలా, చివర దిలీప్ పరీఖ్. బీజేపీలో చీలిక, శాసనసభ్యుల విమాన ప్రయాణాలు, ఖజురాహో శిబిరం ఆ కాలానివే. గాంధీనగర్‌లో ఎవరి కుర్చీ ఎంతకాలమో తెలియని సమయంలో సూరత్ బిల్డరు కోసం ఫోను చేసే తీరిక పైవాళ్లకు తక్కువగా ఉండేదని అనుకోవడానికి అవకాశముంది. ప్లేగు తెచ్చిన అవమానం కూడా తోడైంది. తమ సరుకు కొనడానికి బయటి వ్యాపారి రాకపోతే ఏమవుతుందో కళ్లారా చూసిన వర్తకులు, రావు గునపాన్ని భరించారు. ఆయన బదిలీ అయ్యాక వచ్చిన ఎస్.జగదీశన్ అదే దారిలో నడిచారు. అధికారి మారితే పద్ధతి మారని సందర్భాలు మన పరిపాలనలో అరుదు గనుక ఆ పేరు కూడా చెప్పుకోవలసిందే.

అయితే అక్రమమైనదాన్ని కూలగొట్టినంత మాత్రాన నగరం తయారుకాదు. కూలగొట్టిన చోట, ఊరి చుట్టూ ఉన్న పొలాల్లో, సక్రమంగా కట్టడానికి ఒక పద్ధతి కావాలి. ఆ పద్ధతి గుజరాత్ చేతిలో అప్పటికే 80 ఏళ్లుగా ఉంది. దాని పుట్టుక కూడా ప్లేగులోనే ఉండటం చిత్రం.

1896లో బొంబాయిని ప్లేగు ముంచెత్తింది. గాలి వెలుతురు లేని చాళ్ల వల్లే వ్యాధి ప్రబలిందని భావించిన ప్రభుత్వం 1898లో బొంబాయి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును ఏర్పాటు చేసింది. భూమిని బలవంతంగా సేకరించి, పాత ఇళ్లు పడగొట్టి, రోడ్లు వేసి, మిగిలిన స్థలాన్ని లీజుకివ్వడం ఆ ట్రస్టు పని. కొద్ది ఏళ్లకే ఇందులోని లొసుగు తేలింది. పరిహారానికి డబ్బు చాలదు, కోర్టు వ్యాజ్యాలు తెగవు, పొలం పోగొట్టుకున్నవాడికి అభివృద్ధిలో వాటా ఉండదు. అప్పట్లో బొంబాయి ప్రభుత్వ సర్వేయరు ఏ.ఇ.మిరామ్స్ వంటి వారి దృష్టి జర్మనీ మీద పడింది. ఫ్రాంక్‌ఫర్ట్ మేయరు ఫ్రాంజ్ అడికెస్ 1902లో ఒక చట్టం తెచ్చి ఉన్నాడు. వంకరటింకర పొలాలన్నిటినీ కాగితం మీద ఒక్కటిగా కలిపి, రోడ్లకు కావలసింది తీసి, మిగిలినదాన్ని చక్కని చతురస్రాలుగా మళ్లీ అదే యజమానులకు పంచడం దాని సారం. ఆ ఆలోచనే 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టంగా ఇక్కడికి వచ్చింది. అహ్మదాబాద్ పురపాలక సంఘానికి 1924 నుంచి 1928 దాకా అధ్యక్షుడిగా ఉన్న వల్లభ్‌భాయ్ పటేల్ కాలంలో ఈ పథకాలు అక్కడ వేళ్లూనాయి. ఆ తరువాత 1954 చట్టం, గుజరాత్ విడిపోయాక 1976 చట్టం వచ్చాయి. 1978లో సూరత్ పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది.

పద్ధతి ఇలా సాగుతుంది. ఊరి అంచున సుమారు 100 హెక్టార్ల మేర ఒక గీత గీస్తారు. అందులోని ప్రతి కమతం 'అసలు ప్లాటు'. కొలిచి, విలువ కట్టి, యజమానులను పిలిచి వింటారు. చట్టం ప్రకారం మొత్తం విస్తీర్ణంలో 15 శాతం దాకా రోడ్లకు, 5 శాతం పార్కులకు, ఆటస్థలాలకు, మరో 5 శాతం బడి, ఆసుపత్రి, అగ్నిమాపక కేంద్రం వంటి వాటికి, 10 శాతం మేర బలహీన వర్గాల ఇళ్లకు తీసుకోవచ్చు. ఇంకో 15 శాతం నగరపాలక సంస్థ తానే అమ్ముకుని రోడ్లకు, మురుగు కాలువలకు ఖర్చుపెట్టవచ్చు. అన్నీ కలిపితే సగం. తక్కిన సగం 'తుది ప్లాటు' పేరుతో యజమానికి తిరిగి వస్తుంది, వీలైనంత మేర తన పాత పొలం ఉన్నచోటే. పోయిన భూమికి పాత ధర లెక్కన పరిహారం, పెరిగిన విలువలో సగం మేర యజమాని కట్టవలసిన అభివృద్ధి రుసుము, ఈ రెండింటినీ ఒకే చిట్టాలో తీసివేతలు చేసి తేలుస్తారు. వివాదాలను తేల్చే టౌన్ ప్లానింగ్ అధికారికి న్యాయాధికారి తరహా అధికారాలుంటాయి. ముసాయిదా, ప్రాథమిక, తుది అని మూడు మెట్లు. ఇవి దాటడానికి పదేళ్లు, అంతకు మించి కూడా పట్టిన పథకాలు గుజరాత్‌లో ఎన్నో. అందుకే ముసాయిదాకు ఆమోదం రాగానే రోడ్ల భూమిని స్వాధీనం చేసుకునే వీలును 1999లో సవరణ ద్వారా కల్పించారు. దస్త్రం నెమ్మదిగా నడిచినా రోడ్డు ముందు పడుతుంది. రోడ్డు పడితే బిల్డరు వస్తాడు, బిల్డరు వస్తే రైతుకు తన సగం విలువ తెలుస్తుంది. సూరత్‌లో సామాన్యుడు కూడా 'టీపీ' అన్న మాటను రేషన్ కార్డు అన్నంత సులువుగా వాడతాడు.

1960ల ఆరంభంలో 8 చదరపు కిలోమీటర్ల పాత కోట ఊరు, 2006 నాటికి 326 చదరపు కిలోమీటర్లు, 2020 విస్తరణ తరువాత 460కి పైగా అయింది. 2011 లెక్కల్లో జనాభా 44 లక్షలు దాటింది. ఆ పెరుగుదలను ఎంతో కొంత వరుసలో నిలబెట్టింది ఈ టీపీ పథకాలే.

తెలుగు పాఠకుడికి ఈపాటికి అమరావతి గుర్తుకు వచ్చి ఉంటుంది. రావలసిందే. 2014 నాటి సీఆర్‌డీఏ చట్టం కింద 2015 జనవరిలో మొదలైన భూసమీకరణకు గుజరాత్ పద్ధతితో చుట్టరికం ఉంది. అక్కడా ఇక్కడా రైతు భూమి ఇస్తాడు, పొందేది అభివృద్ధి చేసిన ప్లాటు. అయితే లెక్కలు వేరు. అమరావతిలో మెట్ట ఎకరాకు వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. ఎకరా అంటే 4,840 గజాలు గనుక రైతుకు తిరిగి వచ్చేది నాలుగో వంతుకు కొంచెం ఎక్కువ. జరీబు భూమికి వాణిజ్య స్థలం 450 గజాలు గనుక అది మూడో వంతుకు కొంచెం తక్కువ. అందుకు బదులుగా పదేళ్ల కౌలు ఇస్తామన్నారు. ఏ రాజధానికైనా భూమి ఎక్కువే కావాలి, ఆ వాదనను కొట్టివేయలేము. అసలు తేడా వాటా దగ్గర లేదు, పరిమాణం దగ్గర ఉంది. సూరత్ ఒక్కో పథకానికి 100 హెక్టార్లు పట్టుకుని, అది నిలదొక్కుకున్నాక పక్కదానికి వెళ్లింది. అమరావతి 29 గ్రామాల్లో సుమారు 28 వేల మంది రైతుల నుంచి 33 వేల ఎకరాలకు పైగా ఒక్క ఊపులో తీసుకుంది. అంటే 130కి పైగా టీపీ పథకాలను ఒకేసారి తలకెత్తుకోవడం. ఒక పథకం ఆగిపోతే సూరత్‌లో ఒక పేట ఆగుతుంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినబడగానే ఇక్కడ మొత్తం ఆగిపోయింది. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చినా, 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు పునఃప్రారంభమయ్యేదాకా రైతు తన ప్లాటు ఏ ముళ్లకంపలో ఉందో వెతుక్కుంటూనే ఉన్నాడు. సూరత్ పద్ధతికి ఉన్న రక్షణ అందులోని గొప్ప ఆదర్శం కాదు, చిన్నతనమే. నలుగురు ముఖ్యమంత్రులు మారినా ఆగనంత చిన్న ముక్కలుగా పని ఉండేది.

అలాగని సూరత్‌ను నెత్తిన పెట్టుకోనవసరం లేదు. టీపీ పథకం రోడ్డును, ప్లాటును తీరుస్తుంది. ప్లాటు మీద లేచే భవనం సంగతి దానికి పట్టదు. భవనానికి పటం ఆమోదించేవారు ఒకరు, కట్టేటప్పుడు చూడవలసినవారు మరొకరు, పూర్తయ్యాక వాడుకకు అనుమతి ఇచ్చేవారు ఇంకొకరు. మనం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ అనేదాన్ని గుజరాత్‌లో 'బీయూ పర్మిషన్' అంటారు. ఈ గొలుసులో ఏ కొక్కెం ఊడినా నష్టపోయేది ఆ భవనంలోకి నమ్మి అడుగుపెట్టినవాడు.

2019 మే 24 సాయంత్రం సర్థాణా ప్రాంతంలోని తక్షశిల ఆర్కేడ్ అనే వాణిజ్య భవనానికి నిప్పు అంటుకుంది. అనుమతి పొందిన అంతస్తుల పైన అక్రమంగా లేపిన కప్పు కింద పిల్లలకు శిక్షణ తరగతులు జరుగుతున్నాయి. పైకి చేరడానికి చెక్కమెట్లు ఒక్కటే దారి. అవి కాలిపోయాయి. అగ్నిమాపక యంత్రాల నిచ్చెనలు అందలేదు. పైనుంచి పిల్లలు దూకడాన్ని దేశమంతా టీవీల్లో చూసింది. 22 మంది విద్యార్థులు మరణించారు. అరెస్టులు జరిగాయి, అధికారుల సస్పెన్షన్లు జరిగాయి, రాష్ట్రమంతా శిక్షణ కేంద్రాలకు తాళాలు పడ్డాయి.

ఆ నగరానికి అగ్ని కొత్తది కాదు. 1837 ఏప్రిల్‌లో మచ్ఛ్‌లీపీఠ్‌లో మొదలైన మంట 9 వేలకు పైగా ఇళ్లను కాల్చివేసింది. కలపతో కట్టిన పాత సూరత్‌లో అప్పుడు నిచ్చెన లేదంటే అర్థం చేసుకోవచ్చు. 2019లో రాగి తీగ, ఏసీ యంత్రం, ఫ్లెక్సీ బోర్డు ఉన్న ఊరిలో మెట్లు చెక్కవి కావడానికి కారణం వేరు. అక్రమ నిర్మాణం తాత్కాలికమన్న భావన ఉన్నంతకాలం దానికి కాంక్రీటు మెట్లు పడవు. అది తాత్కాలికం కాదన్న ధీమా ఇచ్చేది ప్రభుత్వమే. గుజరాత్ 2001లో, 2011లో, మళ్లీ 2022లో అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణకు చట్టాలు చేసింది. 'ఇంపాక్ట్ ఫీజు' కడితే తప్పు ఒప్పవుతుంది. ఈ విషయంలో తెలుగు రాష్ట్రాలు పాఠాలు చెప్పే స్థితిలో లేవు. బీపీఎస్, బీఆర్ఎస్, ఎల్ఆర్ఎస్ అన్న మూడక్షరాల పథకాలు ఇక్కడ ప్రతి ప్రభుత్వ హయాంలోనూ తలెత్తుతాయి. ఏ పార్టీ అయినా వీటిని తేవడానికి చెప్పే కారణం పేదవాడి ఇల్లు. ఖజానాకు వచ్చే సొమ్ము మాట రెండోసారి చెబుతారు. పెంట్‌హౌస్ మాట అసలు చెప్పరు.

2024 జులై 6న సూరత్ శివారు సచిన్ దగ్గరి పాలీ గ్రామంలో ఒక బహుళ అంతస్తుల నివాస భవనం కుప్పకూలి 7 మంది చనిపోయారు. కట్టి పదేళ్లు కూడా కాలేదు. 2016-17 నాటి నిర్మాణం. అప్పటికే శిథిలావస్థకు చేరిన ఆ భవనంలో అద్దెకున్నవారు ఫ్యాక్టరీల్లో పనిచేసే వలస కార్మికులు. ఆ నిర్మాణ కాలంలోనే దేశంలో రెరా చట్టం రూపుదిద్దుకుంటోంది. కొనుగోలుదారు ఇచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, నిర్మాణ లోపం బయటపడితే అయిదేళ్ల దాకా బిల్డరే బాగుచేయాలి అన్నవి దాని కీలక నిబంధనలు. కొనేవాడికి అది ఎంతో కొంత కవచం. అద్దెకుండే కూలీ ఆ చట్టం కంటికి ఆనడు. అతడు కొనుగోలుదారు కాదు గనుక.

ఇక ఊరికి మరో చివర, ఖజోద్‌లో, ఇందుకు పూర్తిగా భిన్నమైన కట్టడం ఉంది. సూరత్ డైమండ్ బోర్స్. 35 ఎకరాల మీద, 15 అంతస్తుల చొప్పున 9 టవర్లు, వాటిని కలుపుతూ ఒక పొడవాటి నడవా. దాదాపు 67 లక్షల చదరపు అడుగులు, 4 వేలకు పైగా కార్యాలయాలు. అమెరికా రక్షణశాఖ వారి పెంటగాన్ కంటే పెద్ద కార్యాలయ భవనమని ప్రపంచ పత్రికలు రాశాయి. ఢిల్లీకి చెందిన మార్ఫోజెనిసిస్ సంస్థ దీనికి రూపకల్పన చేసింది. ఇది అమ్మకానికి కట్టిన భవనం కాదు. లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడిన వజ్రాల వ్యాపారులు తమ సొమ్ము ముందుగా పోగుచేసుకుని తమ కోసం కట్టుకున్నారు. కట్టించేవాడు, వాడేవాడు ఒక్కడే అయితే నాణ్యత ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికి వెళ్లవచ్చు. వెనుకబడి ఉన్న శివారు నేలలో అంత పనిని కరోనాను దాటుకుని ముగించడం చిన్న విషయం కాదు.

అయినా ఆ కథ కూడా సాఫీగా లేదు. 2023 డిసెంబరు 17న ప్రధాని మోదీ దాన్ని ప్రారంభించారు. అంతకు రెండు రోజుల ముందే కేంద్ర మంత్రివర్గం సూరత్ విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా ఇచ్చింది. ప్రారంభానికి ముందే ప్రధాన గుత్తేదారు సంస్థ తనకు రావలసిన బకాయి సుమారు 538 కోట్ల రూపాయలని కోర్టుకెక్కింది. వంద కోట్ల రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలని స్థానిక వాణిజ్య న్యాయస్థానం బోర్స్‌ను ఆదేశించింది. ముందుగా తరలివచ్చిన అతి పెద్ద వజ్రాల సంస్థ 2024 ఆరంభంలోనే మళ్లీ ముంబై దారి పట్టింది. మిగిలిన వేలాది గదుల్లో అధిక భాగం తాళాలతో మిగిలాయి. రష్యా వజ్రాల మీద పాశ్చాత్య దేశాల ఆంక్షలు, ప్రయోగశాల వజ్రాల పోటీ, ఎగుమతుల మందగమనం ఇందుకు చెప్పే కారణాలు. అవి నిజమే అయినా ముంబైలోని బాంద్రా-కుర్లా కాంప్లెక్సులో 2010 నుంచి నడుస్తున్న భారత్ డైమండ్ బోర్స్ చుట్టూ కస్టమ్స్, బ్యాంకులు, కొరియర్లు, హోటళ్లు, పిల్లల బడులు అల్లుకుని ఉన్నాయన్న సంగతి 2017లోనూ తెలిసిందే. భవనం పూర్తి చేయడం ఒక పని, దాన్ని నింపడం మరో పని. మొదటిదానికి రిబ్బను ఉంటుంది.

ఆ టవర్లను మోసిన చేతుల మాట కూడా చెప్పాలి. 2020 ఏప్రిల్ చివరలో, లాక్‌డౌన్ కొనసాగుతుండగా, ఖజోద్ ప్రాంగణంలో కూలీలు తిరగబడ్డారు. తమను ఇళ్లకు పంపాలని, బలవంతంగా పని చేయించవద్దని రాళ్లు రువ్వారు. కార్యాలయ అద్దాలు పగిలాయి. కట్టడం విలువలో ఒక శాతం సెస్సు వసూలు చేసి నిర్మాణ కార్మికుల సంక్షేమానికి వాడాలని 1996 నుంచి చట్టం ఉంది. 2021 జనవరిలో సూరత్ జిల్లా కోసంబా దగ్గర రోడ్డు పక్కన నిద్రిస్తున్న వలస కూలీల మీదుగా లారీ వెళ్లి 15 మంది చనిపోయారు. రాజస్థాన్ బాంస్వాడా వైపు నుంచి వచ్చినవారు. ఇళ్లు కట్టే ఊళ్లో వారికి పడుకోవడానికి కాలిబాట మిగిలింది. టీపీ పథకంలో బలహీన వర్గాలకని పక్కనపెట్టే 10 శాతం స్థలం ఉన్నది, కానీ అది ఊరిలో స్థిరపడినవారి కోసం. పని ముగియగానే మరో పరంజా వెతుక్కునేవాడు ఏ జాబితాలోనూ ఉండడు.

తెలుగువారి పేట లింబాయత్ ఈ రెండు ప్రపంచాల మధ్య ఉంది. కింద మరమగ్గాలు, పైన గదులు, ఇరుకు సందులు, గోడల మీద తెలుగు అక్షరాలు. వలస వచ్చిన మొదటి తరం అద్దె గదుల్లో బతికింది. తరువాతి తరం సొంత గూడు కట్టుకుంది, కొందరు అనుమతితో, కొందరు లేకుండా. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతుంది. 1994లో ఊరు విడిచి పారిపోయిన కుటుంబాల్లో చాలావరకు తిరిగి వచ్చి ఆ మగ్గాల దగ్గరే కుదురుకున్నాయి.